నెల్లూరు ఆడవాళ్లు సారా వేలాన్ని ఎలా ఆపారు?

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీసింది. దరఖాస్తు రుసుము 2 లక్షల రూపాయలు. దుకాణం దక్కినా దక్కకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. అయినా దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. ఒక్క సీసా అమ్ముడుపోకముందే ఖజానాకు సుమారు 1,800 కోట్లు చేరాయి. తెలంగాణలో 2,620 దుకాణాలున్నాయి. అక్కడ 2025లో ఇదే రుసుము 3 లక్షలు. రెండు రాష్ట్రాల్లోనూ ఇది ఆదాయం తెచ్చే మామూలు వ్యవహారంగానే సాగిపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ లాటరీకి 32 ఏళ్ల ముందు, 1992లో, నెల్లూరు జిల్లాలో ప్రభుత్వం సారా వేలం జరపలేకపోయింది. అధికారులు తేదీ పెట్టేవారు. ఆ రోజుకు పల్లెల నుంచి ఆడవాళ్లు వచ్చి అడ్డం కూర్చునేవారు. వేలం వాయిదా పడేది. మళ్లీ తేదీ, మళ్లీ వాయిదా. అలా వచ్చినవాళ్లలో ఎక్కువమంది కూలికి పోతే తప్ప పూట గడవనివాళ్లు. ఏడాది తిరిగేసరికి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఈ ఉద్యమం పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. దానికి ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరూ చాలామందికి తెలుసు. కానీ అది ఎలా పనిచేసిందన్న సంగతి మాత్రం మన జ్ఞాపకంలోంచి జారిపోయింది. చీపుళ్లు, కారప్పొడి, సారా అమ్మేవాడికి గుండు గీయించి గాడిద మీద ఊరేగించడం, ఇవే మిగిలాయి. అవి జరిగిన మాట నిజమే. వాటి వెనక ఒక పద్ధతి ఉంది. ఈ వ్యాసం ఆ పద్ధతి గురించి.

ముందు సారా వ్యాపారం ఎలా నడిచేదో చూడాలి. మొలాసిస్ (చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి) నుంచి తీసిన చవక మద్యమే సారా. 1980లలో ప్రభుత్వం ‘వారుణి వాహిని’ అనే పథకం కింద దీన్ని చిన్న పాలిథీన్ ప్యాకెట్లలో నింపి సరఫరా చేసింది. ప్యాకెట్టు రావడంతో వ్యాపారం తీరే మారిపోయింది. అంతకుముందు తాగాలనుకున్న మనిషి కొట్టు దాకా నడవాలి. ఇప్పుడు సరుకే మనిషి దగ్గరకు నడిచొచ్చింది. సైకిలుకు తగిలించిన సంచిలో పట్టింది, పొలం గట్టుకు వచ్చింది, ఇంటి గుమ్మం దాకా వచ్చింది. చేతిలో డబ్బు లేకపోతే అప్పు మీద ఇచ్చేవారు, కూలి డబ్బులు అందిన రోజున లెక్క తేల్చుకునేవారు. తాగునీటి కోసం ఆడవాళ్లు మైళ్లు నడిచే ఊళ్లకు కూడా సారా జీపు తప్పకుండా వచ్చేది.

అమ్మే హక్కు కాంట్రాక్టర్లది. దాన్ని ప్రభుత్వం ఏటా వేలం వేసేది. ఆబ్కారీ సంవత్సరం (మద్యం లైసెన్సుల లెక్క నడిచే ఏడాది) అక్టోబరు 1న మొదలయ్యేది కాబట్టి వేలాలు అంతకు ముందే ముగియాలి. ఎక్కువ పాట పాడినవాడికి ఒక ప్రాంతం మొత్తం ఏడాదిపాటు దక్కేది. ఇక్కడే అసలు కీలకం ఉంది. పాట పెరిగితే ప్రభుత్వానికి ఆదాయం పెరుగుతుంది. పాడినవాడు ఆ డబ్బు రాబట్టుకోవాలంటే అంతకంత సరుకు అమ్మాలి. అమ్మకాలు పెరిగితే మరుసటి ఏడు పాట ఇంకా పైకి పోతుంది. ఈ చక్రం ఆగే చోటంటూ లేదు. 1970-71లో ఉమ్మడి రాష్ట్రానికి వచ్చిన ఆబ్కారీ ఆదాయం 39 కోట్లు. 1991-92 నాటికి అది 812 కోట్లు.

అందులో సారా మీద వచ్చినదంతా కూలివాళ్ల ఇళ్లలోంచి వచ్చిందే. మగవాడి కూలి సారాకు పోతే ఇల్లు ఆడమనిషి కూలి మీద నడవాలి. అతని కూలి చాలనప్పుడు ఆమె కూలి మీదా చెయ్యి పడుతుంది. ఇవ్వనంటే దెబ్బలు. పిల్లలు బడి మానేస్తారు, బియ్యం అరువు తెస్తారు. ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. కానీ ఏ ఇంటి కథ ఆ ఇంటి నాలుగు గోడల మధ్యే ఉండిపోయేది. పక్కింటామెకు వినపడినా తెలియనట్టు ఉండడమే మర్యాద అనిపించుకునేది. ఎవరి ఖర్మ వాళ్లది అన్న మాటతో అంతా సర్దుకుపోయేది.

ఆ గోడలు పగలడానికి దారి తీసింది రాత్రి బడి.

కేంద్ర ప్రభుత్వం 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ప్రారంభించింది. దాని కింద జిల్లా జిల్లాకు సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలు వచ్చాయి. నెల్లూరులో అది ‘అక్షర దీపం’ పేరుతో 1991 మొదట్లో మొదలైంది. జిల్లా యంత్రాంగంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఊరూరా తిరిగారు. ముందు కళాజాతాలు (పాటలు, వీధినాటకాలతో ఊళ్లు తిరిగే కళాకారుల బృందాలు) వచ్చాయి. తర్వాత చీకటిపడ్డాక దీపం వెలుతురులో బడి. చెప్పేవాళ్లు జీతం లేని వలంటీర్లు, చాలావరకు ఆ ఊరి కుర్రాళ్లూ అమ్మాయిలే. చదువుకోడానికి మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువగా వచ్చారు.

అక్షరాలు రావడం ఒక ఫలితం. రెండోది ఎవరూ పథకంలో రాసుకోనిది. పల్లెలో కూలిపని చేసుకునే ఆడవాళ్లు ఏ పూజా పెళ్లీ లేకుండా పొద్దుపోయాక ఒకచోట కూర్చోవడం అంతకుముందు లేదు. కూర్చుంటే ఇంట్లో అడుగుతారు, వీధిలో అంటారు. ఇప్పుడు చెప్పడానికి ఒక జవాబు దొరికింది: బడికి పోతున్నాం. అది సర్కారు బడి, కలెక్టరు పెట్టిన బడి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఒకే మనుషులు కలుస్తున్నారు. ఏ ఉద్యమానికైనా ముందు కావలసింది ఇదేనని నా నమ్మకం. ఉపన్యాసాలు, కరపత్రాలు తర్వాతి సంగతి. నలుగురు ఆడవాళ్లు భయం లేకుండా కూర్చోడానికి ఒక చోటు, ఒక వేళ, ఇంట్లో చెప్పుకోడానికి ఒక కారణం ఉండాలి.

వాచకాల్లో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. తాగుడు వల్ల నలిగిపోయిన కాపురం గురించిన పాఠమది. వయోజన విద్యలో పాఠం చెప్పే తీరు వేరు. ముందు బొమ్మ చూపిస్తారు, మాట్లాడిస్తారు, ఆ మాటల్లోంచి అక్షరాలకు వస్తారు. సీతమ్మ గురించి మాట్లాడమంటే ప్రతి ఒక్కరూ తమ ఇంటి సంగతే చెప్పారు. పరువు పోతుందని దాచుకున్న విషయం పాఠం మీద చర్చగా బయటికి వచ్చింది. అందరి ఇళ్లలో జరిగేది ఒకటేనని తేలాక ఖర్మ అన్న మాట నిలవలేదు. ఇంత మందికి ఒకేలా జరుగుతోందంటే దానికి ఒక కారణం, ఒక చిరునామా ఉండాలి. ఆ చిరునామా ఊరి నడుమ కొట్టు రూపంలో కనిపిస్తూనే ఉంది.

దూబగుంట నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని పల్లె. అక్కడి ఆడవాళ్లు చేసింది తర్వాత ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పేరుతో కొత్త అక్షరాస్యుల వాచకంలో పాఠమైంది. ఆ పాఠం చెప్పే క్రమం గమనించదగ్గది. వాళ్లు మొదట ఆపింది కల్లు బండిని. సుమారు వంద మంది ఊరి బయటికి వెళ్లి బండికి అడ్డం నిలబడ్డారు. సరుకు పారబోయమన్నారు. నీకు నష్టం అనుకుంటే మనిషికో రూపాయి వేసుకుని ఇస్తామన్నారు. అతను బెదిరి వెనక్కి పోయాడు. తర్వాత సారా ప్యాకెట్ల జీపు వచ్చింది. దాన్నీ చుట్టుముట్టారు. జీపు తాలూకు మనిషి బెదిరించాడు. కదలకపోతే కలెక్టరు దగ్గరికే పోతామని వీళ్లు చెప్పారు. జీపు వెనక్కి తిరిగింది.

ఈ చిన్న ఘటనలో రెండు విషయాలున్నాయి. ఒకటి, ఆ రూపాయి మాట. కల్లు అమ్ముకునేవాడు తమలాంటి బతుకుదెరువు మనిషేనని వాళ్లకు తెలుసు. అతని నష్టాన్ని గుర్తించి, దానికి చందా వేసుకుంటామన్నారు. సారా జీపుకు ఆ మాట చెప్పలేదు. ఎవరితో ఎలా మాట్లాడాలో తేడా తెలిసిన మనుషులు వీళ్లు. రెండోది, కలెక్టరు మాట. కొన్నాళ్ల ముందు వరకు కలెక్టరు అన్నది వాళ్లకు అందని పేరు. రాత్రి బడి పుణ్యమా అని ఆ ఆఫీసుకు వెళ్లి అడగొచ్చన్న సంగతి తెలిసింది. ప్రభుత్వం అక్షరాలు నేర్పే చేత్తోనే సారా కూడా అమ్ముతోందన్న విషయమూ వాళ్లకు అక్కడే అర్థమైంది.

దూబగుంట పాఠం మిగతా ఊళ్ల బళ్లలో చదివారు. ఒక ఊరి ఆడవాళ్లు చేసింది ఇంకో ఊరి ఆడవాళ్లు అక్షరం కూడబలుక్కుని చదువుతున్నారు. చదవడం పూర్తయ్యేసరికి మన ఊళ్లో ఎందుకు కాదన్న ప్రశ్న వచ్చేది. 1992 వేసవి దాటేసరికి జిల్లాలో ఊరి తర్వాత ఊరు సారా కొట్లు మూయించింది. నాయకురాలు ఒక్కరు కాదు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 2016లో ఆమె కన్నుమూసినప్పుడు పత్రికలు ఆమెను ఉద్యమ సారథిగా తలుచుకున్నాయి. అది న్యాయమే. అయితే ఏ ఊరి ఉద్యమం ఆ ఊరిదే. ఒక ఊళ్లో తాగినవాడికి జరిమానా, ఇంకో ఊళ్లో దేవుడి ముందు ప్రమాణం, మరో ఊళ్లో తాగొచ్చిన మొగుడికి ఆ పూట కూడు పెట్టకపోవడం. పద్ధతులు ఎవరూ పైనుంచి చెప్పలేదు.

ఇప్పుడు ఈ ఉద్యమంలో నాకు అన్నిటికంటే లోతైనదిగా తోచే సంగతికి వస్తాను. కొట్టేది మొగుడు. డబ్బు లాక్కునేది మొగుడు. అయినా ఆడవాళ్ల పోరాటం ప్రధానంగా అతని మీదికి వెళ్లలేదు. సారా మీదికి, అమ్మేవాడి మీదికి, వేలం వేసే ప్రభుత్వం మీదికి వెళ్లింది. ఎందుకు? హైదరాబాదులోని ‘అన్వేషి’ స్త్రీ పరిశోధనా కేంద్రం సభ్యులు నెల్లూరు పల్లెలకు వెళ్లి ఆ ఆడవాళ్లతో మాట్లాడారు. 1993 జనవరిలో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఒక వ్యాసం ప్రచురించారు. స్త్రీలు సమస్యను ప్రభుత్వం ముందు పెట్టి, కాపురాల ప్రశ్నను ప్రస్తుతానికి పక్కన ఉంచారన్నది అందులోని ముఖ్యమైన గమనింపుల్లో ఒకటి.

దీన్ని కొందరు వెనకడుగుగా చూశారు. నేను అలా చూడను. మొగుడితో తగువు ఇంట్లో జరుగుతుంది. అక్కడ ఆమె ఒంటరి. గెలిచినా ఆ పూటకే. సారా కొట్టు దగ్గర ఆమె వంద మందిలో ఒకరు. పైగా మొగుడిని శత్రువుగా నిలబెడితే ఊరు రెండుగా చీలుతుంది, ప్రతి ఆడమనిషీ ఇంటికెళ్లాక ఒంటరిగా దాని ఫలితం అనుభవించాలి. సారాను శత్రువుగా నిలబెడితే తాగుడు మానాలనుకునే మగవాడు కూడా ఇటువైపు రావచ్చు. అలా వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇది ఎవరో సిద్ధాంతం చదివి చేసిన ఎత్తుగడ కాదు. రోజూ ఆ ఇంట్లో బతకాల్సిన మనుషుల లెక్క. దానికి ఒక ఖరీదు కూడా ఉంది. సారా పోతే దెబ్బలు పోతాయన్న ఆశ మిగిలింది. సారా లేకుండా కొట్టే చేతి గురించిన ప్రశ్న అడగకుండా ఉండిపోయింది. గృహహింస నుంచి రక్షణ చట్టం రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది.

మళ్లీ వేలం దగ్గరికి. ఊళ్లో కొట్టు మూయించడం ఒక ఎత్తు. కాంట్రాక్టరుకు ఏడాది హక్కు ఉన్నంతకాలం అతను పోలీసులతో తిరిగి వస్తాడు. హక్కు కాగితం మీద ఉంది కాబట్టి చట్టం అతని వైపే. ఆడవాళ్లు కేసుల్లో ఇరుక్కుంటారు. ప్రతి ఊళ్లో ప్రతి వారం ఈ యుద్ధం చేయడం కూలి మనుషులకు సాధ్యం కాదు. కానీ ఆ హక్కు ఏడాదికి ఒక్కసారే పుడుతుంది. ఒకే చోట, ముందే ప్రకటించిన ఒకే తేదీన పుడుతుంది. అది పుట్టకుండా ఆపగలిగితే అక్టోబరు 1 తర్వాత జిల్లాలో సారా అమ్మే హక్కు ఎవరికీ ఉండదు. వందల ఊళ్లలో విడివిడిగా చేయాల్సిన పని నెల్లూరు పట్నంలో ఒక్క గేటు ముందు చేయవచ్చు.

ఆ తర్కాన్ని పల్లెల ఆడవాళ్లు పట్టుకున్నారు. మహిళా సంఘాలు, వామపక్షాలు, ప్రతిపక్ష పార్టీలు, అక్షరాస్యతా కార్యకర్తలు తోడు నిలిచారు. ‘ఈనాడు’ వంటి పత్రికలు రోజూ ఊళ్ల వార్తలు వేశాయి. లాఠీలూ అరెస్టులూ ఉన్నాయి. అయినా వేలం సాగలేదు. పాడటానికి వచ్చేవాళ్లకూ ధైర్యం చాలలేదు, ఎందుకంటే పాడినా ఊళ్లలో అమ్మగలరన్న నమ్మకం లేదు. నెల్లూరులో మొదలైన ఈ పద్ధతి మిగతా జిల్లాలకూ పాకింది.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతా నిషేధించింది. ఆ తేదీ కొత్త ఆబ్కారీ సంవత్సరపు మొదటి రోజని గమనించండి. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం తెలుగుదేశం ప్రధాన హామీ అయింది. ఆ పార్టీ 294 సీట్లలో 216 గెలిచింది. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. దొంగసారా, పొరుగు రాష్ట్రాల నుంచి అక్రమ రవాణా పెరిగాయని ఒక కారణం చెప్పారు. ఖజానాకు పడిన గండి అసలు కారణమని అందరికీ తెలుసు.

ఇది చదివి ఉద్యమం ఓడిపోయిందనుకోవడం తొందరపాటు. నిషేధం ఎత్తేసినా సారా ప్యాకెట్టు తిరిగి రాలేదు. లైసెన్సు పొందిన సారా కొట్టు ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో లేదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం చీప్ లిక్కర్ తేవాలని ఆలోచించి, వ్యతిరేకత చూసి వెనక్కి తగ్గింది. వచ్చింది మాత్రం సీసా మద్యం. పల్లెలో దానికి బెల్టు షాపు (లైసెన్సు దుకాణం నుంచి సరుకు తెచ్చి ఊళ్లో అక్రమంగా అమ్మే చోటు) ఉంది. ప్యాకెట్టు గుమ్మం దాకా వచ్చినట్టే క్వార్టర్ సీసా కిరాణా కొట్టు దాకా వచ్చింది.

మరి రాత్రి బడిలో మొదలైన ఆ ఆడవాళ్ల సమావేశం ఏమైంది? నెల్లూరులో 1993 ప్రాంతంలో ‘పొదుపు లక్ష్మి’ మొదలైంది. రోజుకో రూపాయి దాచుకునే సంఘాలవి. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడంతో పొదుపు మాట సులభంగా అంటుకుంది. అవి డ్వాక్రాలో (పల్లె ఆడవాళ్ల సంఘాల ప్రభుత్వ పథకం) కలిసి, బ్యాంకు రుణాలతో ముడిపడి, రాష్ట్రమంతా విస్తరించాయి. ఆడవాళ్ల చేతికి అప్పు అందింది, వడ్డీ వ్యాపారి పట్టు కొంత సడలింది, బ్యాంకు మెట్లు ఎక్కడం అలవాటైంది. ఇవి చిన్న విషయాలు కావు. కానీ సమావేశంలో ఏం మాట్లాడాలో నిర్ణయించేది మారిపోయింది. రాత్రి బడిలో మాట ఇంటి నుంచి మొదలయ్యేది. సంఘం మీటింగులో మాట కిస్తీ పుస్తకం నుంచి మొదలవుతుంది. కలవడానికి చోటూ వేళా ఉన్నాయి. చర్చ మాత్రం పైనుంచి వచ్చిన కాగితం ప్రకారం నడుస్తుంది. ముఖ్యమంత్రి సభకు జనాన్ని తోలమని చెప్పేది కూడా ఈ సంఘాలకే.

ఇంకో తేడా వ్యాపారం వైపున ఉంది. వేలంలో పాట పాడే మనిషి కనిపించేవాడు, అతన్ని ఆపొచ్చు. ఇప్పటి లాటరీలో దరఖాస్తులోనే డబ్బు కట్టేస్తారు. డ్రా తీసే రోజుకు ఖజానా నిండిపోయి ఉంటుంది. ఆ రోజు అడ్డం కూర్చున్నా ప్రభుత్వానికి పోయేది తక్కువ. 1992 పద్ధతిని అలాగే తెచ్చి ఇక్కడ పెడితే పనిచేయదు.

ఇప్పటి పల్లెల్లో ఆడవాళ్లు పట్టుకుంటున్నది బెల్టు షాపును. ఊరంతా కూర్చుని తీర్మానం చేయడం, అమ్మినవాడికి జరిమానా ప్రకటించడం, పంచాయతీ ఆఫీసు గోడకు కాగితం అంటించడం, ఇలాంటి వార్తలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తాయి. బెల్టు షాపు ఎలాగూ చట్టవిరుద్ధం కాబట్టి ఆడవాళ్లు అడిగేది ఉన్న చట్టం అమలు చేయమనే. చిక్కల్లా లైసెన్సు దుకాణం దగ్గర వస్తుంది. ఊళ్లో అది వద్దని మైదాన ప్రాంతపు గ్రామసభ తీర్మానిస్తే అధికారులు దాన్ని వినతిగా తీసుకుంటారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పరిస్థితి వేరు. పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన 1996 నాటి కేంద్ర చట్టం) ప్రకారం మత్తు పానీయాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలి. ఆ ప్రాంతాల్లో కూడా ఇది అన్నిచోట్లా సక్రమంగా అమలవుతోందని చెప్పలేం. కానీ కాగితం మీద హక్కు ఉంది, దాన్ని పట్టుకుని అడగొచ్చు.

మైదాన ప్రాంతపు ఊళ్లకూ ఆ అధికారం ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను. లైసెన్సు ఇచ్చే ముందు గ్రామసభ పెట్టాలి, అందులో ఆడవాళ్ల హాజరు ఇంత ఉండాలన్న నియమం ఉండాలి, వద్దంటే ఆ ఊరి పేరు జాబితాలోంచి తీసేయాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. మద్యం రాష్ట్ర జాబితాలోని అంశం. పంచాయతీలకు ఏ అధికారాలు ఇవ్వాలో నిర్ణయించేది కూడా రాష్ట్ర శాసనసభే. లైసెన్సు గడువు ముగిసి కొత్త నోటిఫికేషన్ వచ్చే ప్రతిసారీ ఈ మార్పు అడగడానికి ఒక తేదీ దొరుకుతుంది.